జువాలజీ సారు ఉప్పునీటి తొట్టి

బస్సు ఆపుతానని మాట ఇచ్చి ఆపకుండా వెళ్లిపోయిన మనిషి పోయిన నెలలో చనిపోయారు. మేమిద్దరం అనంతపురంలో ఒకే కాలేజీలో పాఠాలు చెప్పినవాళ్లం. ఆయన జువాలజీ, నేను చరిత్ర. ఒక ఏడాది పిల్లలకు సముద్రం చూపించడానికి తమిళనాడు తీరానికి తీసుకువెళ్తూ నన్ను కూడా రమ్మని ఆయనే పిలిచారు. "నువ్వు ఎంతసేపటికి వచ్చినా సరే, నీ కోసం బస్సు నిలబెడతా" అన్నారు. నేను పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. గేటు ముందు బస్సు లేదు, దాని పొగ మాత్రం ఇంకా ఉంది. తిరిగి వచ్చాక ఆయన నొచ్చుకోను కూడా లేదు. "ఆటుపోట్లు నీ కోసం నిలబడతాయాప్పా?" అన్నారు. ఆ తర్వాత పక్కపక్క ఇళ్లలో ఉంటూ తొమ్మిదేళ్లు మాట్లాడుకోలేదు.

ఇదంతా ఇక్కడ రాయడానికి కారణం ఉంది. సంతాప సభలో నాకు మైకు ఇవ్వలేదు. ఇస్తే ఇదే చెబుతానని వాళ్లకు తెలుసు. మాట్లాడినవాళ్లలో ఒకరు ఆయన్ను 'చేపల పిచ్చాయన' అని ముద్దుగా అన్నారు. అన్నవాడు ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ ఇంటి గడప తొక్కలేదు. ఇంకొకరు ఆయన జీవితంలో ఎవరి మనసూ నొప్పించలేదన్నారు. ఆ మాట అబద్ధమని చెప్పడానికి నేను ఒక్కడిని చాలు. నేను చాలా పుస్తకాలు చదివాను. పోయినవాళ్ల గురించి నిజం రాసిన పుస్తకాలు నా అలమరాలో ఉన్నాయి, పొగిడి రాసినవి పాత కాగితాల బండి ఎక్కాయి. అందుకే నిజం రాస్తాను. ఆయన నాకు అప్పజెప్పి పోయింది ఒక ఉప్పునీటి తొట్టి. అందులో పదిహేనేళ్లుగా పెరిగిన పగడాలు ఆయన తర్వాత బతికాయా లేదా అన్నదే నేను చెప్పబోయే సంగతి.

ఆ రోజు పొద్దున పాల ప్యాకెట్ కోసం నేను గేటు తీస్తుంటే ఆయన భార్య వాళ్ల గేటు పట్టుకుని నిలబడి ఉన్నారు. "అన్నా, సారు పిలిస్తే పలకల్య" అన్నారు. కూరగాయల బండి వచ్చిందని చెప్పే గొంతుతోనే అన్నారు. లోపలికి వెళ్లాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ముందు గదిలో తొట్టి మోటార్లు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. ఎనభై ఒకటో ఏట, నిద్రలో, ఎవరినీ శ్రమపెట్టకుండా పోవడం అదృష్టమని అందరూ అన్నారు. నేను అనలేదు. మరుసటి రోజు నీళ్లు మార్చాల్సిన రోజు.

మా తొమ్మిదేళ్ల మౌనం తెగింది కరెంటు వల్ల. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం కరెంటు పోయి గంటన్నర దాటింది. ఆ వీధిలో ఇన్వర్టరు ఉన్నది మా ఇంట్లోనే. గోడ మీదుగా ఒక తల కనిపించింది.

"ఏమప్పా హిస్టరీ, మీ ఇన్వర్టర్‌లో నుంచి ఒక వైరు ఇస్తావా?"

"ఎందుకు?"

"ఈడ ప్రాణాలు పోతాండాయి."

నేను కుర్చీలోంచి లేచి, "ఎవరికి సార్?" అన్నాను.

"పగడాలకు."

"నాతో మాట్లాడేదానికి తొమ్మిదేండ్లు నోరు రాలేదు. పగడాల కోసం వచ్చిందా?"

"తిట్టేది తర్వాత తిట్టు. ముందు వైరు ఈయప్పా."

ఇచ్చాను. వైరు గోడ దాటింది, దాని వెనకే నేనూ వెళ్లాను. ఆయన దానికి తగిలించింది రెండే రెండు: నీళ్లలో అలలు పుట్టించే చిన్న మోటారు, గాలి బుడగలు వదిలే పంపు. దీపాలు తగిలించలేదు. "వెలుతురు లేకుంటే రెండు దినాలు ఓర్చుకుంటాయి. నీళ్లు కదలకుంటే రెండు గంటలు ఓర్చుకోవు" అన్నారు. ఆ తొట్టిని నేను చూడటం అదే మొదలు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. లోపల రాళ్లు, రాళ్ల మీద వేళ్లలాంటివి, గొడుగుల్లాంటివి, గుండీల్లాంటివి, అన్నీ ఊగుతున్నాయి. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపల జంట ఒకటి ఆ వేళ్ల మధ్య దూరి నన్ను చూస్తోంది. బయట మా వీధిలో మట్టి రోడ్డు మీద గాలి సుడి తిరుగుతోంది. సముద్రానికి మేము ఎంత దూరమో అప్పుడు తెలిసింది.

అప్పటి నుంచి నేను రోజూ వెళ్లేవాణ్ని. ఆయన నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టారు. ఏం కొనాలో కాక ఏం కొనకూడదో ముందు చెప్పేవారు. తొట్టి చిన్నదైతే సులభమని కొత్తవాళ్లు అనుకుంటారు. ఆయన ఒప్పుకునేవారు కాదు. చిన్న తొట్టిలో తప్పు చేస్తే సాయంత్రానికి చేప తేలుతుంది, పెద్దదానిలో తప్పు దిద్దుకోవడానికి నాలుగు రోజులు దొరుకుతాయి అనేవారు. తొట్టి కింద అలమరాలో ఇంకో తొట్టి ఉంటుంది, పై నీళ్లన్నీ అందులోకి దిగి, శుభ్రపడి, మోటారుతో మళ్లీ పైకి వస్తాయి. ఆ మోటారు ఆగితే అంతా ఆగినట్టే. అందుకని ఒకే రకం మోటార్లు రెండు ఉంచుకునేవారు. "ఒకటి తిరుగుతాండాల, ఒకటి వెనిగర్‌లో నానుతాండాల" అనేవారు. నెలకొకసారి వాటిని మార్చేవారు. రెక్కలకు పట్టిన తెల్లటి గార కరిగిపోయి మోటారు కొత్తదానిలా తిరిగేది.

మోటార్లు కొనడానికి ఆయనతో ఒకసారి బెంగళూరు వెళ్లాను. కొట్టులో మనిషి, చక్కటి చొక్కా, మెడలో పట్టీకి వేలాడే కార్డు. మా ఊరి పేరు వినగానే చల్లబరిచే యంత్రం ముందు నిలబెట్టాడు.

"మీ అనంతపురం ఎండకు చిల్లర్ లేకుండా కుదరదు సార్. అన్నీ ఉడికిపోతాయి."

"మీ ఊర్లో ఉతికిన పంచె ఆరేదానికి ఎంతసేపు పడుతుంది?" అన్నారు సారు.

కొట్టతను నవ్వాడు. "ఇప్పుడా? సాయంత్రం దాకా పడుతుంది సార్."

"మా ఊర్లో అరగంట. నాకు చిల్లర్ వద్దు, రెండు ఫ్యాన్లు ఇయ్యి."

కొట్టతనికి అర్థం కాలేదు. నాకు బస్సులో వివరించారు. మా గాలిలో తేమ ఉండదు. నీటి మీద ఫ్యాను పెడితే నీరు గబగబా ఆవిరవుతుంది, ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. సముద్రం పక్క ఊళ్లలో ఈ ఉపాయం పనిచేయదు, గాలి ముందే తడిసి ఉంటుంది. కరువు సీమకు దేవుడిచ్చిన చిల్లర్ ఇదే అన్నారు. దేవుణ్ని నమ్మని మనిషి ఆ పేరు వాడటం అదొక్కసారే విన్నాను. అయితే దానికి ఒక ఖరీదు ఉంది. ఎండాకాలంలో రోజుకు ఒక బిందెడు నీళ్లు గాలిలో కలిసిపోయేవి. ఉప్పు మాత్రం తొట్టిలోనే మిగిలేది. కాబట్టి ఆ బిందెడూ ఉప్పు లేని నీటితో నింపాలి, అదీ పూర్తిగా వడగట్టిన నీటితో. దాని కోసం పెరట్లో ఒక వడపోత యంత్రం, ముందు గదిలో తొట్టి పక్కన ఒక నీలం డ్రమ్ము పెట్టారు. తొట్టిలో మట్టం కాస్త దిగగానే డ్రమ్ములోని చిన్న మోటారు తనంతట తానే తిరిగి ఆ మేరకు నీళ్లు పోసేది. పక్కనే ఇంకో తెల్ల డ్రమ్ములో వారం వారం మార్చడానికి ఉప్పు కలిపిన నీళ్లు ఉండేవి.

అదే కొట్టులో ఆ మనిషి మమ్మల్ని పక్కకు పిలిచి, సముద్రంలోంచి నేరుగా కోసుకొచ్చిన పగడం ఉంది, ఎవరికీ చెప్పొద్దు అన్నాడు. సారు అతని మెడలో కార్డు చేత్తో పట్టుకుని పేరు చదివారు. ఏమీ అనకుండా బయటికి వచ్చేశారు. కోయడం నేరమని చట్టం చెప్పక ముందు నుంచీ ఆయనకు తెలుసు. ఆయన తొట్టిలో ఉన్నవన్నీ ఎవరో ఒకరి తొట్టిలో పెరిగి, ముక్కగా విరిచి, కాగితాలతో సహా వచ్చినవే. అందులో పెద్దది, కొసలు సుత్తుల్లా ఉండే ఒక పగడం. బొటనవేలంత రెండు తలలతో వచ్చింది. పదిహేనేళ్లకు గుమ్మడికాయంత అయింది.

వారం వారం నీళ్లు మార్చడం ఆయనకు జపం. ముందు నీటిలో క్షారం ఎంతుందో చూసే చుక్కల పరీక్ష. గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే నీలం రంగు వస్తుంది, ఒక్కో చుక్క లెక్కపెట్టుకుంటూ వేస్తే ఎక్కడో ఒకచోట పసుపు అవుతుంది. ఎనిమిది, తొమ్మిది చుక్కలకు పసుపైతే పగడాలకు నెమ్మది. ఆ తర్వాత నురుగు యంత్రం గిన్నె కడిగేవారు. చేపల మలినమంతా నురుగు కట్టి ఆ గిన్నెలో చేరుతుంది, దాని కంపు వర్ణించను. వైర్ల మీద పాకిన ఉప్పు తడిగుడ్డతో తుడిచేవారు. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి, కారిన చుక్క అక్కడే రాలిపోవాలి. ఆ వంపు లేని వైరు కనిపిస్తే నా చేతి మీద కొట్టేవారు. సబ్బు చేతితో తొట్టి దగ్గరికి వస్తే ఇంట్లోంచి గెంటేవారు. నన్ను రెండుసార్లు గెంటారు.

మా వీధి చివర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ యజమాని ఉన్నాడు. ఒక రోజు వచ్చి తొట్టి చూసి, నెల తిరక్కుండా దీనికి రెట్టింపు తొట్టి పెట్టాడు. మందులు కొలిచి పోసే యంత్రం, నీటి సంగతులన్నీ ఫోనులో చూపించే యంత్రం, బెంగళూరు నుంచి మనిషి వచ్చి బిగించాడు. మొదటి మూడు నెలలు రాళ్లు, నీళ్లు తప్ప ఏమీ వేయవద్దని సారు చెప్పారు. ఆయన తొట్టి మొదలుపెట్టినప్పుడు కూడా అలాగే ఉంచారు, వచ్చినవాళ్లందరూ "రాళ్లను సాకుతాండావా సార్?" అని నవ్విపోయారు. గ్రానైటాయనకు రాళ్లతో ఓపిక లేదు, ఫ్యాక్టరీలో రోజూ చూస్తున్నాడు కదా. రెండో వారంలోనే పదహారు చేపలు వేశాడు. నెలన్నరకు తొట్టి ఖాళీ. ఊరంతా తిరిగి సారు తప్పు సలహా ఇచ్చాడని చెప్పాడు. సారు ఒక్క మాట అన్నారు, "ఫోన్లో చూసేటోనికి తొట్టి కనపడదప్పా." ఇప్పుడు ఆ తొట్టిలో కృత్రిమ పూలు పెట్టుకున్నారు. సంతాప సభకు అధ్యక్షత వహించింది ఆయనే.

ఇంకో లెక్క కూడా తేల్చాలి. కరువు జిల్లాలో ఈ విలాసమేమిటని మా కాలేజీలోనే పనిచేసే ఒక యువ మేధావి సారు ముఖం మీదే అడిగాడు. వడపోత యంత్రం పనికిరావని బయటికి వదిలే నీళ్లు ఆ ఇంట్లో ఒక్క చుక్క వృథా పోయేవి కావు. గచ్చు తుడవడానికి, మరుగుదొడ్డికి అవే వాడేవారు. అడిగిన పెద్దమనిషి ఇంటి ముందు రోజూ పొద్దున కారు స్నానం చేస్తుంది, పైపుతో. ఇది సారు ఆయనకు చెప్పలేదు. నేను చెబుతున్నాను.

రెండేళ్ల క్రితం ఆయనకు గుండె జబ్బు అన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే నన్ను తొట్టి ముందు కూర్చోబెట్టారు.

"హిస్టరీ, నేను పోతే ఇది నిలిచిపోగూడదు. మా ఆవిడ చేపలకు మేత వేస్తాది, అంతవరకే. నీళ్లు నువ్వు చూసుకోవాల."

"నేను నీకంటే రెండేండ్లే చిన్న సార్."

"రెండేండ్లు శానా. అంతలో ఇంకోణ్ని తయారు చేయి."

ఒక నోటుబుక్కు ఇచ్చారు. కరెంటు పోతే ఏం చేయాలి, మోటారు మొరాయిస్తే ఏం చేయాలి, ఫ్యాను రెక్క విరిగితే ఏ కొట్టులో దొరుకుతుంది, తొట్టి పగిలితే చేపలను ఏ బకెట్‌లో వేయాలి, అన్నీ రాశారు. గుండ్రటి అక్షరాలు, ఎర్ర సిరాతో గీతలు. నేను మాట ఇచ్చాను. నేను ఇచ్చిన మాట తప్పే రకం కాదని ఆయనకు గుచ్చుకునేలా చెప్పాను కూడా.

ఇక ఆ పొద్దు సంగతి. చావు కబురు తెలియగానే మడకశిర దగ్గరి పల్లె నుంచి ఆయన చెల్లెలు వచ్చింది. అరవై దాటిన మనిషి, ఐదారు ఎకరాల మెట్ట చేను, కొన్ని గొర్రెలు, ఒక దానిమ్మ తోట. ఏడ్చింది కొద్దిసేపే. తర్వాత కొంగు బిగించి పనిలోకి దిగింది. వదినను కూర్చోబెట్టింది, పొయ్యి ఆర్పించింది, వచ్చినవాళ్లకు చోటు చూపించింది. తొట్టి నీలం దీపాలు చూసి నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, చావింట్లో తిరునాళ్ల మాదిరి ఈ దీపాలేంది? ఆర్పేయొచ్చా?"

"ఆర్పొద్దమ్మా. ముందర ఏమన్నా గుడ్డ కట్టు, చాలు."

సారు తెల్ల పంచె ఒకటి తెచ్చి ముందు అద్దానికి అడ్డం కట్టింది. పదకొండు రోజులు ఆ పంచెలోంచి నీలం వెలుతురు మసగ్గా కనిపించింది. నేను రోజూ వెళ్లేవాణ్ని. చుట్టాలు ఉన్న ఇంట్లో ఎక్కువసేపు నిలబడలేక జాలీ మూత ఎత్తి చిటికెడు మేత వేసేవాణ్ని. పైనుంచి చూస్తే అలలు తప్ప ఏమీ కనిపించవు. మోటార్ల చప్పుడు వినేవాణ్ని. డ్రమ్ముల్లోకి చూసేవాణ్ని. నీలం డ్రమ్ము రోజూ అంచుదాకా నిండి ఉండేది. సారు భార్య అంత దుఃఖంలోనూ వడపోత యంత్రం తిప్పుతున్నారని అనుకుని, ధైర్యంగా ఇంటికి వచ్చేవాణ్ని. రెండు వారాలు నీళ్లు మార్చకపోతే మునిగిపోయేదేమీ లేదని నోటుబుక్కులోనే ఉంది.

పదకొండో రోజు పెద్ద దినం కర్మ ముగిశాక, భోజనాలు అయ్యాక పంచె విప్పాము.

సుత్తి పగడం తెల్లగా ఉంది. కండ ఊడి ఎముక బయటపడిన తెలుపు. అక్కడక్కడా గోధుమ రంగు పొరలు నీటిలో వేలాడుతున్నాయి. గొడుగుల్లాంటివి ముడుచుకుని వేలి గణుపంత అయ్యాయి. చేపల జంట పైమూల నీటి అంచున నిలబడి ఉంది. నేను గాజు గొట్టం తీసి చుక్కలు వేశాను. తొమ్మిది. పది. పన్నెండు. పదిహేను వేసినా నీలంగానే ఉంది. పదహారో చుక్క గొట్టంలో కాక బల్ల మీద పడింది.

"డ్రమ్ములో నీళ్లు ఎవరు పోసినారు?" అన్నాను.

"నేనే అన్నా" అంది చెల్లెలు. "దినామూ పొద్దున్నే ఒక బిందె. మా అన్న తొట్టికి నీళ్లు తక్కువ కాగూడదని."

"ఏ నీళ్లు తల్లీ?"

"ట్యాంకరు నీళ్లు, ఇంటి సంపులోవి. ముందుగాల ఉన్నవి మైల నీళ్లు కదా, ఆ పొద్దే రెండు డ్రమ్ములూ పారబోసి, కడిగి, మంచివి పోసినా."

చదివేవాళ్లలో పట్నవాసులు ఉంటే వాళ్ల కోసం చెబుతున్నాను. మా వైపు మనిషి పోయిన ఇంట్లో నిలవ ఉన్న నీళ్లు తాగరు, వాడరు. బిందెలు, కుండలు, గంగాళాలు అన్నీ బోర్లించి, కడిగి, కొత్త నీళ్లు నింపుతారు. నీటి కోసం ట్యాంకరు వెనక పరుగెత్తే వీధుల్లో కూడా ఆ ఒక్క రోజు పారబోస్తారు. ఆమె చేసింది అదే. తొట్టిలో నీళ్లు మాత్రం ప్రాణులున్నాయని ముట్టుకోలేదు. వడగట్టిన నీళ్లు, ఉప్పు కలిపిన నీళ్లు మోరీ పాలయ్యాయి. వాటి స్థానంలో కుళాయి మీద తెల్ల పొర కట్టే, ట్యాంకరు తెచ్చే బోరు నీళ్లు, పైగా బ్లీచింగ్ పొడి కలిపినవి, పదకొండు రోజులు బిందె బిందె చొప్పున ఆ చిన్న మోటారు నమ్మకంగా తొట్టిలోకి తోడింది. ఎండలు ముదిరిన వేళ, ఫ్యాన్లు తిరుగుతున్న వేళ.

నేను ఆమె మీద అరవబోయాను. ఆమె ముఖం చూసి ఆగిపోయి, మామూలుగా చెప్పాను. నీళ్లు ఆవిరైపోతాయి, నీటిలోని సున్నం, లవణాలు పోవు, రోజు రోజుకూ పేరుకుంటాయి, పగడం తట్టుకోలేదు. రెండు వాక్యాలు.

ఆమె తొట్టి వైపు చూసింది. "మా తోటలో కొత్త బోరు నీళ్లు పారిచ్చినప్పుడు దానిమ్మ ఆకు అంచు మాడినట్లా?"

"అచ్చం అట్లే."

ఆమె మెల్లగా నేల మీద కూర్చుంది. "ఇంతే కదన్నా. ఈ మాట నాకు ఎవరన్నా చెప్పింటే నేను డ్రమ్ము ముట్టుకుంటానా? పోయినేడు వచ్చినప్పుడు అడిగినా మా అన్నను. ఈ డ్రమ్మేంది, ఈ నీళ్లెందుకు వేరే అని. నీకర్థం కాదు పోమ్మా, పోయి మీ వదినతో మాట్లాడుకో, అన్న్యాడు. నువ్వూ ఈడనే కూర్చోనుంటివి."

నిజమే, నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఆమె వంటింట్లోకి వెళ్లాక మేమిద్దరం నవ్వుకుని మళ్లీ ఉప్పు కొలతల మాటల్లో పడ్డాము.

సారు భార్య గడప దగ్గరికి వచ్చి, "అయిందేదో అయింది. ఎవరి తప్పూ కాదులే అన్నా" అన్నారు.

"ఇది ఇంగ బతుకుతాదా బతకదా, అది చెప్పు" అంది చెల్లెలు నాతో.

పెద్ద దినం మరుసటి రోజు ఊరికి పోవాల్సిన మనిషి ఇంకో ఆరు రోజులు ఉండిపోయింది. గొర్రెలను కొడుక్కు అప్పజెప్పి, ఫోనులో వాణ్ని తిడుతూ, వడపోత యంత్రం గొట్టం కింద బిందె పెట్టుకుని కూర్చుంది. ఆ యంత్రం గంటకు నాలుగు చెంబులు ఇస్తే గొప్ప. నీలం డ్రమ్మును ఖాళీ చేసి, సబ్బు తగలకుండా ఒట్టి నీళ్లతో మూడుసార్లు కడిగింది. నేను ఉప్పు కలిపాను. అది ఒక రోజంతా తిరగాలి, కొలత చూడాలి. ఒకేసారి మార్చితే బతికున్నవి కూడా పోతాయి, అందుకని రోజుకు కొంత తీసి కొంత పోశాము. ఎనభైకి దగ్గరపడినవాణ్ని నేను, అరవై దాటిన ఆమె, బకెట్లు మోస్తూ ఆ గదిలో తిరుగుతుంటే సారు భార్య మొదటిసారి నవ్వారు. మూడో రోజు నుంచి చుక్కలు ఆమే వేసింది. నేను చెప్పకుండానే కళ్లకు సమంగా గొట్టం పట్టుకుంది. సంచిలో మందుల సీసాలు మోసి గొర్రెలకు సూదులు వేసే చెయ్యి అది, వణకదు. వైర్ల వంపు ఎందుకని అడిగింది, చెప్పాను, గోడ పక్కన నేను చూడని ఒక వైరును తనే సరిచేసింది. కాలేజీలో ముప్పై ఏళ్లలో సారుకు అంత త్వరగా పట్టుకున్న విద్యార్థి దొరికి ఉండరు. దొరికింది, సొంత ఇంట్లోనే.

చేపల జంట నిలబడింది. గొడుగులు నాలుగింట మూడు విచ్చుకున్నాయి. సుత్తి పగడం పోయింది. దానిని బయటికి తీసి పారేయబోతే ఆమె ఆపింది. కింది వైపు, రాతి నీడలో, బొటనవేలంత రెండు తలలు ఇంకా రంగులో ఉన్నాయి. వాటిని రంపంతో కోసి వేరే రాయికి అతికించాము.

ఆరో రోజు పొద్దున ఆమె చుక్కలు లెక్కపెట్టింది. గొట్టం కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. నీలం మెల్లగా ఆకుపచ్చ అయి, పసుపుకు తిరిగింది. "తొమ్మిది, అన్నా" అంది. పసుపు వెలుతురు ఆమె చేతి వేళ్ల మీద, మట్టి పగుళ్ల మీద పడుతోంది.

ఇప్పుడు వారానికొకసారి మడకశిర బస్సులో వచ్చి ఆమే నీళ్లు మారుస్తోంది. నేను కుర్చీలో కూర్చుని చూస్తాను. ఎవరి తప్పూ కాదన్న మాట నేను ఒప్పుకోను. నిండిన డ్రమ్మును చూసి మురిసిపోయిన తప్పు నాది, అది నాతోనే ఉంటుంది. కానీ నా కోపం అక్కడ ఆగదు. తొట్టి పగిలితే చేపలు ఏ బకెట్‌లో వేయాలో రాసి, తన చావు పొద్దున తన ఇంట్లో ఏం జరుగుతుందో తెలిసి కూడా రాయకుండా, ఊరి పిల్లలందరికీ చెప్పిన పాఠం తనంతట తానే అడిగిన చెల్లెలికి చెప్పకుండా పోయిన మనిషి ఒకరున్నారు. నేను ఇప్పటికీ తప్పు పట్టేది ఆయన్నే, మా జువాలజీ సారును.